బంగారం కుదువ పెట్టి కొన్న ఫోర్‌వీల్ డ్రైవ్: ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

తన పేరు, బండి కంపెనీ పేరు రెండూ రాయొద్దని కోరుతూ తిరుపతి నుంచి ఒక పాఠకుడు పొడుగాటి ఉత్తరం పంపారు. వయసు 36. ప్రైవేటు ఉద్యోగం. సొంత ఊరు పలమనేరు అవతల. అక్కడ ఐదెకరాల తోతాపురి మామిడి తోట, తోటలోనే ఇల్లు, ఆ ఇంట్లో 71 ఏళ్ల తండ్రి. తారు రోడ్డు దిగాక మూడు కిలోమీటర్లు మట్టి దారి, మధ్యలో ఒక వంక. కిందటి నవంబరు వానల్లో తండ్రికి ఆయాసం వస్తే అంబులెన్సు తారు రోడ్డు దగ్గరే ఆగిపోయింది. పెద్దాయన్ను ట్రాక్టరు ట్రాలీలో పడుకోబెట్టి, పైన పట్ట కప్పి బయటికి తెచ్చుకున్నారు. "ఆ మూడు కిలోమీటర్లు నాకు ఇప్పటికీ నిద్రలో వస్తాయి" అని రాశారు.

ఆ తర్వాతే బెంగళూరులో 2014 మోడల్ డీజిల్ ఫోర్‌వీల్ డ్రైవ్ (అవసరమైతే నాలుగు చక్రాలకీ శక్తి అందే) బండిని 5 లక్షల 75 వేలకు కొన్నారు. మీటరు మీద లక్షా 18 వేల కిలోమీటర్లు. అందులో 3 లక్షలు భార్య నగల మీద తెచ్చిన అప్పు. హారం మీద 2 లక్షల 40 వేలు, గాజుల మీద 60 వేలు, రెండు వేర్వేరు లోన్లు. ఇప్పుడు చీటీ పాడితే చేతికి లక్షా 20 వేలు వచ్చాయి. గొడవంతా ఈ లక్షా 20 వేల చుట్టూనే.

బండి తెచ్చిన మూడో వారం కుటుంబంతో తిరుమల వెళ్లి దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తబడి కిందికి దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు సాయంతో పక్కకు ఆపుకున్నారు. పావుగంట ఆగాక పెడల్ మళ్లీ మామూలుగా అయింది. భార్య ఆ రోజు నుంచి బండి ఎక్కలేదు, అమ్మేయమంటున్నారు. బావమరిది మాత్రం బండిని మూడంగుళాలు పైకెత్తే లిఫ్ట్ కిట్, 32 అంగుళాల టైర్లు, ముందు ఇనుప బంపర్, పైన ఎల్ఈడీ లైట్ల వరుస పెడితే బండి రూపే మారిపోతుందని లక్షా 10 వేలకు మాట్లాడి 10 వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. ఒక మెకానిక్ ఇంజిన్ దించాలన్నాడు. ఇంకొకరు చూసి బండికి ఏమీ కాలేదన్నారు. మధ్యలో చిన్న చిన్న లక్షణాలు ఉన్నాయి. ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ, 60-70 వేగంలో కింద నుంచి వణుకు, ఫోర్‌వీల్ లివర్ గట్టిగా ఉండటం, ఆపిన చోట నూనె మరక. టైర్లు 2021 మొదట్లో తయారైనవి, పగుళ్లు లేవు. కాగితాలు ఇంకా పాత ఓనరు పేరు మీదే, కర్ణాటక నంబరుతోనే ఉన్నాయి. "ఇంజిన్ దించాలన్న మాట మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. నాకు ఒకటే టెన్షన్. ఈ డబ్బు దేనికి పెట్టాలి? అసలు ఈ బండి ఉంచుకోవాలా?" అని అడిగారు.

తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డీజిల్ బండ్ల కింద పడుకుని ముప్పై ఏళ్లు బతికినవాణ్ణి కాబట్టి చదువుతున్నంతసేపూ చేయి రెంచీ కోసం వెతికింది. కానీ ముందు ఇంటి మాట.

మీ ఇంటావిడ భయం ఉత్త భయం కాదు. ఆ రోజు ఘాట్‌లో జరిగింది నిజంగా ప్రమాదం అంచుదాకా వెళ్లడమే. పెడల్ మెత్తబడి కిందికి దిగింది, చల్లారాక మళ్లీ గట్టిపడింది అని మీరు రాసిన ఒక్క వాక్యంలోనే రోగం పేరు ఉంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్-3 రకం ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు, డాట్-4 అయితే 230 దాకా. అదే ఆయిల్‌లో మూడు నాలుగు శాతం నీళ్లు చేరితే, ఆ హద్దు 140కి, 155కి పడిపోతుంది. కొండ దిగుతూ బ్రేకు మీద కాలు అలాగే ఉంచితే డిస్కుల వేడి ఆయిల్‌కి ఎక్కి, లోపల ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నొక్కుకుపోతుంది, ఆయిల్ నొక్కుకుపోదు. అందుకే పెడల్ దిగిపోతుంది. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, పెడల్ తిరిగి వస్తుంది. అదే ప్యాడ్లు కాలిపోయి ఉంటే పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోయేది, మాడు వాసన కూడా వచ్చేది. మీరు ఆ రెండూ రాయలేదు.

1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదే ఇప్పుడు మనం కిందికి దిగుతున్నాం. ఆ మలుపుల్లో రెండో గేరులో, మహా అయితే మూడో గేరులో, ఇంజిన్ పట్టు మీద దిగాలి. బ్రేకు కొట్టి వదలాలి, నొక్కి పట్టి ఉంచకూడదు. మీరు ఎలా దిగారో రాయలేదు. తప్పు పట్టడానికి అడగడం లేదు. కొత్తగా కొన్న బండి, పక్కన పిల్లలు, వెనక హారన్లు. ఎవరి కాలైనా బ్రేకు మీదకే పోతుంది.

కాబట్టి ఇంట్లో మొదట చెప్పాల్సింది ఇది: "ఆ రోజు నువ్వు భయపడింది సరైనదే. కారణం ఇదీ. ఇది బాగయ్యేదాకా నేను కూడా నిన్నూ పిల్లల్నీ ఎక్కమనను." ఇంజిన్ సంగతి కూడా అదే రోజు చెప్పేయండి. ఆ బండిలో ఆమె గాజులు ఉన్నాయి, హారం ఉంది. లెక్కలో సగం ఆమెది. రేపు షెడ్డు వాళ్ల నోట వింటే బండి మీద కోపం కాస్తా మీ మీదకు మళ్లుతుంది.

ఇక మెకానిక్ మాట. నల్ల పొగ ఒక్కటి చూసి ఇంజిన్ దించాలనడం తొందరపాటు. నల్ల పొగ అంటే లోపలికి పోయే గాలికి మించి డీజిల్ పడుతోందని అర్థం. దానికి మొదటి అనుమానం మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ మీద. రెండోది గాలిని నెట్టే టర్బో నుంచి, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి పోయే రబ్బరు పైపు మీద. పదేళ్లు దాటిన పైపుకి అడుగున చిన్న చీలిక ఉంటుంది, ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు కనబడదు, ఎత్తు ఎక్కేటప్పుడు విచ్చుకుంటుంది. మూడోది మసి పట్టిన ఈజీఆర్ వాల్వ్, అంటే పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే కవాటం. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ ఆ తర్వాత. నీలం పొగ వచ్చి ఉంటే, వెయ్యి కిలోమీటర్లకోసారి ఆయిల్ పోయాల్సి వస్తుంటే, అప్పుడు ఆయన మాటకి బలం ఉండేది. తెల్ల పొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే అప్పుడూ ఉండేది. మీరు వాటి గురించి రాయలేదు కాబట్టి లేవనే అనుకుంటున్నాను. ఉంటే నా లెక్క మారుతుంది.

ఎవరైనా ఇంజిన్ దించాలంటే మూడు పరీక్షలు అడగండి. ప్రతి సిలిండర్ కంప్రెషన్, అంటే గాలిని నొక్కే ఒత్తిడి, కొలిచి అంకెలు రాసివ్వమనండి. నాజిల్స్ రిటర్న్, అంటే వాడకుండా వెనక్కి వచ్చే డీజిల్, ఎంత వస్తోందో నాలుగు సీసాల్లో పట్టి పక్కపక్కన పెట్టి చూపించమనండి. ఒక దాంట్లో మిగతావాటికంటే ఎక్కువ వస్తే ఆ నాజిల్ అరిగిందన్నమాట. స్కానర్ పెట్టి, నాజిల్స్‌కి డీజిల్ అందించే గొట్టంలో (ఫ్యూయెల్ రైల్) ఒత్తిడి ఎంత కావాలో, ఎంత ఉందో చూడమనండి. ఇవి కాక మీరే చేయగలిగింది ఒకటుంది. ఇంజిన్ వేడెక్కాక ఖాళీగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా విప్పి చూడండి. కాస్త ఊపిరి లాంటి గాలి వస్తే మామూలే. రైలింజను లాగా గుప్పు గుప్పున పొగ తన్నుకొస్తుంటే పిస్టన్ రింగుల మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇవేవీ చేయకుండా దించమనే షెడ్డులో బండి వదలకండి. ఏమీ కాలేదన్న రెండో ఆయన మాట కూడా అంతే. బ్రేకు దిగిపోయిన బండిని చూసి ఏమీ కాలేదన్నారంటే చూడనట్టే లెక్క.

నూనె మరక గురించి మీరు మరీ బెంగపడ్డారు. రాత్రి బండి ఆపేటప్పుడు కింద పాత అట్టపెట్టె విప్పి పరవండి. ముందు చక్రం, వెనక చక్రం ఎక్కడ వస్తాయో పెన్నుతో గుర్తు పెట్టండి. పొద్దున మరక ఎక్కడ పడిందో చూడండి. నల్లగా పల్చగా ఉంటే ఇంజిన్ ఆయిల్. చిక్కగా, ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం వాసన వస్తే గేరు ఆయిల్. రంగు నీళ్లలా ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే బ్రేకు ఆయిలో, హబ్ సీలు దాటిన నూనెనో అయి ఉంటుంది, అది ఆ రోజే చూపించాలి. మరక చోటు తెలిస్తే మెకానిక్‌తో మాట్లాడే తీరే మారిపోతుంది.

60-70 వేగంలో వణుకు చక్రాల బ్యాలెన్సింగ్ వల్ల రావచ్చు. ఇలాంటి బండిలో అంతకంటే ముందు, ఇరుసులకి శక్తి మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర ఉండే జాయింట్లు, అంటే క్రాస్‌లు చూడాలి. చదునైన చోట చక్రాలకి రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపి, కిందికి వెళ్లి షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడండి. క్రాస్ దగ్గర ఆట కనిపించినా, బేరింగ్ కప్పుల చుట్టూ తుప్పు పొడి కనిపించినా అది మార్చాల్సిందే. నగరంలో తిరిగిన బండికి ఏళ్ల తరబడి గ్రీజు కొట్టి ఉండరు. క్రాస్‌లకి, షాఫ్ట్ జారే చోట, కమాన్ పట్టీల చివర ఉండే షాకిళ్లకి, ఎక్కడ నిపుల్ ఉంటే అక్కడ గ్రీజు పట్టించండి. నా అనుభవంలో సెకండ్ హ్యాండ్ ఫోర్‌వీల్ బండికి ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చేది ఇంకోటి లేదు.

ఫోర్‌వీల్ లివర్ గట్టిగా ఉండటానికి ఎక్కువగా కారణం వాడకపోవడమే. లివర్ కింది కడ్డీలకి తుప్పు పట్టి ఉంటుంది, ముందు వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఆయిల్ పాతబడి ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది. మీది అవసరమైనప్పుడే ముందు చక్రాలకి శక్తి ఇచ్చే రకం. పొడి తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి మలుపు తిప్పితే ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరగాలి. తారు మీద టైరు జారదు కాబట్టి ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలిక పడి బిగుసుకుంటుంది, లివర్ బయటికి రాదు. ఎప్పుడైనా అలా అయితే బలవంతం చేయకండి. నాలుగైదు మీటర్లు నిటారుగా వెనక్కి తీస్తే వదులవుతుంది. ఆయిల్ మార్చాక నెలకోసారి మీ తోట దారిలో, మట్టి మీద, రెండు మూడు కిలోమీటర్లు ఫోర్‌వీల్‌లో నడపండి. లో గేరు (వేగం తక్కువ, బలం ఎక్కువ ఇచ్చేది) కూడా ఒకసారి, బండి పూర్తిగా ఆపి, వేసి తీయండి. అక్టోబరులో వాన పడుతున్న రాత్రి మొదటిసారి లివర్ లాగి చూడటం కంటే ఇది నయం.

ఇప్పుడు డబ్బు. మీ ముందు నాలుగు దారులు ఉన్నాయి. ఒక్కొక్కటి ఎక్కడికి తీసుకెళ్తుందో చెబుతాను, ఎంచుకోవాల్సింది మీరూ మీ ఇంటావిడా.

మొదటిది బావమరిది దారి. ఆ అబ్బాయికి బండి మీద ప్రేమ ఉంది, నాకు అది నచ్చింది. కానీ లక్షా 10 వేలు పైన పెడితే కింద బ్రేకులకి పది వేలు మిగులుతుంది. మీ టైరు ఎత్తు ఇప్పుడు సుమారు 29 అంగుళాలని రాశారు. 32 వేస్తే మీటరు 60 చూపించినప్పుడు బండి 66లో పోతుంటుంది. పెద్ద చక్రాన్ని తిప్పడానికి క్లచ్ మీద, ఆపడానికి బ్రేకు మీద అదనపు భారం పడుతుంది. ఇప్పటికే ఘాట్‌లో చేతులెత్తేసిన బ్రేకులు అవి. మూడంగుళాలు ఎత్తు పెంచితే షాఫ్టుల జాయింట్ల కోణం పెరిగి, ఇప్పుడున్న వణుకు ఇంకా పెరుగుతుంది. ఇంకో మాట. నేలకీ, ఇరుసు మీది గేర్ల గుండు అయిన డిఫరెన్షియల్‌కీ మధ్య ఎడం పెంచేది టైరు ఒక్కటే, అది కూడా పెరిగిన మూడంగుళాల్లో సగమే. లిఫ్ట్ కిట్ బాడీని ఎత్తుతుంది, డిఫరెన్షియల్‌ను ఎత్తదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణలో ఓనరుకి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పెట్టారు. ముందు వేసే ఇనుప బంపర్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట వెతికేది ఇలాంటి మార్పుల కోసమే.

వీటన్నిటికంటే నాకు బాధ కలిగించేది వేరే ఉంది. మీరు ఈ బండి కొన్నది మీ నాయన కోసం. మోకాళ్లు నొప్పి పుట్టే 71 ఏళ్ల మనిషి, ఆయాసంతో, అంత ఎత్తు బండిలోకి ఎలా ఎక్కుతారు?

రెండో దారి లక్షా 20 వేలూ బండికే పెట్టడం, కానీ కింది నుంచి పైకి. బ్రేకులు మొత్తం విప్పి చూడటం, ఆయిల్ పూర్తిగా మార్చడం, హోసులు, ప్యాడ్లు, వెనక డ్రమ్ముల్లో సిలిండర్లు. ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు వెనక డిఫరెన్షియళ్ల ఆయిళ్లు, ఎయిర్, ఆయిల్, డీజిల్ ఫిల్టర్లు, కూలెంట్. క్రాస్‌లు, బుష్‌లు, బెల్టులు, పాతబడిన పైపులు. మీ ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు ఉందో, చెయినో మాన్యువల్‌లో చూడండి. బెల్టు అయితే, మార్చిన బిల్లు చూపించలేకపోతే, మారలేదనే అనుకుని మార్చేయాలి. ఇదంతా అయ్యాక ఐదు టైర్లు, స్టెప్నీతో సహా, కంపెనీ సైజులోనే, మట్టికి పనికొచ్చే నమూనావి. ఇలా చేస్తే ఒక నెలలో బండి మీద పూర్తి నమ్మకం వస్తుంది. కానీ చేయి ఖాళీ అవుతుంది. పరీక్షల్లో నాజిల్స్ చెడ్డవని తేలితే మళ్లీ అప్పే. గాజులు అక్కడే ఉంటాయి, వడ్డీ పెరుగుతూ ఉంటుంది.

మూడోది సగం సగం. 60 వేలూ దాని వడ్డీ కట్టి గాజుల లోను తీర్చేయండి. మిగిలిన 50-55 వేలతో బ్రేకులు, ఆయిళ్లు, ఫిల్టర్లు, క్రాస్‌లు, గాలి పైపులు చేయించండి. తిరుపతిలో అయినా చిత్తూరులో అయినా మంచి షెడ్డులో ఈ సొమ్ములో అయిపోయే పని ఇది. కొటేషన్ ముందే రాయించుకోండి. టైర్లు మామిడి డబ్బు వచ్చాక, జూన్, జూలై కోత అయ్యాక, అక్టోబరు వానలకి ముందు. మీ టైర్ల మీద 0821 అని ఉందన్నారు, అంటే 2021 ఎనిమిదో వారం. ఐదేళ్ల టైరు పగుళ్లు లేకుండా ఉంటే ఆ కొన్ని నెలలు లాగవచ్చు. కానీ చిత్తూరు, పలమనేరు మధ్య మొగిలి ఘాట్ మీదుగా ఊరికి పోయేటప్పుడు వేగం 70 దాటకూడదు, గాలి వారానికోసారి చూడాలి. చేయకూడనిది ఒకటుంది. డబ్బు చాలక రెండు కొత్త టైర్లు, రెండు పాతవి వేయడం. ఫోర్‌వీల్‌లో నాలుగు చక్రాల చుట్టుకొలత ఒకేలా ఉండాలి, లేకపోతే ఇందాక చెప్పిన మెలిక నిటారు దారిలోనూ పడుతుంది. ఈ దారిలో ఇబ్బంది ఓపిక. బండి మీ కళ్లకి అందంగా కనబడటానికి ఏడాది పడుతుంది.

నాలుగోది అమ్మేయడం. అది కూడా గౌరవమైన దారే. కానీ ఇప్పుడు అమ్మాలంటే ముందు కాగితాలు మీ పేరు మీదకి రావాలి. బ్రేకు సంగతి కొనేవాడికి చెప్పి తీరాలి. వాళ్ల ఇంట్లోనూ పిల్లలు ఉంటారు. మీరు పెట్టిన ధర రాదు. వానాకాలంలో ఆ మూడు కిలోమీటర్ల సమస్య అలాగే ఉంటుంది. అమ్మేట్టయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నాన్నగారిని తిరుపతిలో మీ దగ్గర ఉంచుకునే ఏర్పాటు ఇప్పుడే ఆలోచించండి. ఆయన తోట వదిలి వస్తారా అన్నది మీకే తెలుసు.

నన్నడిగితే పరీక్షలు బాగా వస్తే మూడో దారి. కంప్రెషన్ బాగోలేదని తేలితే నాలుగో దాన్ని తోసిపుచ్చకండి. ఇది నా మొగ్గు మాత్రమే. మీ ఇంటావిడ గాజుల కంటే పిల్లలు ఎక్కే బండికి టైర్లే ముందంటే రెండో దారి కూడా మంచిదే. ఆ మాట ఆమె నోట రావాలి, అంతే.

ఆయిళ్ల విషయంలో ఒక హెచ్చరిక. షెడ్డులో ఒకే డబ్బాలోంచి గేర్‌బాక్స్‌కీ డిఫరెన్షియల్‌కీ పోసేస్తారు. డిఫరెన్షియల్‌కి సాధారణంగా జీఎల్-5 రకం గేరు ఆయిల్ కావాలి. చాలా గేర్‌బాక్సులకి జీఎల్-4 చెబుతారు, ఎందుకంటే లోపలి ఇత్తడి రింగులకి జీఎల్-5లోని కొన్ని మందులు పడవు. ట్రాన్స్‌ఫర్ కేస్‌కి వేరే రకం ఉండొచ్చు. మాన్యువల్‌లో ఆ పేజీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. పోసేటప్పుడు పక్కనే నిలబడండి. పాత ఆయిల్ తీసేటప్పుడు ఇంకా ముఖ్యం. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి మెత్తటి బూడిద పేస్టు ఉంటే సహజం, పెచ్చులు ఉంటే పళ్లు విరుగుతున్నట్టు. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో వస్తే లోపలికి నీళ్లు పోయినట్టు.

ఈ నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ దారిలో వంక ఉంది. డిఫరెన్షియల్ మీద ఊపిరి పీల్చుకునే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది, బ్రీదర్ అంటారు. దూరం నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి పీల్చుకుంటుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లనే పీలుస్తుంది. 2021 నవంబరు వరదల తర్వాత, తిరుపతి దగ్గరి రాయలచెరువు గట్టు తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించిన ఆ రోజుల తర్వాత, మా షెడ్డుకి వచ్చిన బండ్లలో ఆ కాఫీ రంగు ఆయిల్ ఎంత చూశానో. ఓనర్లకి తెలియనే తెలియదు, బండి నడుస్తూనే ఉంది. మూడు నెలలకి బేరింగులు అరవడం మొదలుపెట్టాయి. బ్రీదర్లు శుభ్రం చేయించి, వాటికి రబ్బరు గొట్టం తగిలించి ఇంజిన్ గదిలో పైకి కట్టించండి. వందల్లో అయ్యే పని. మీ బండికి మొదటి అప్‌గ్రేడ్ ఏదని అడిగితే నేను ఇదే అంటాను.

వంక దాటేటప్పుడు ముందు మనిషి దిగి నడిచి చూడాలి. నిలకడ నీళ్లు చక్రం మధ్యకి మించకపోతేనే దించండి. పారే నీళ్లయితే, మనిషి నిలబడలేని పారుదలైతే, ఎంత పెద్ద బండైనా దించకండి. పొరపాటున నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. గాలి గొట్టంలోంచి నీళ్లు సిలిండర్‌లోకి పోయి ఉంటే నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పుడు నిజంగానే ఇంజిన్ దించాల్సి వస్తుంది.

రెండో అప్‌గ్రేడ్ మీ నాయన ఎక్కడానికి పక్కన మెట్టు, లోపల పట్టుకోవడానికి గట్టి హ్యాండిల్. బావమరిది ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాకపోతే ఆ 10 వేలకి ఇవే బిగించమని ఆ షాపులో అడగండి. మిగిలితే ఛాసిస్‌కి గట్టిగా ఉండే లాగుడు హుక్కులు, మంచి తాడు, ఆ తాడు తగిలించే రెండు ఇనుప షాకిళ్లు, గాలి పంపు. పైన లైట్ల వరుస బదులు ఉన్న హెడ్‌లైట్ల వైరింగ్ సరిచేయించి, అద్దాలు పాలిష్ పట్టిస్తే మన దారులకి చాలు.

కాగితాలు త్వరగా చేయించండి. బెంగళూరు ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), మీరూ పాత ఓనరూ సంతకం చేసిన ఫారం 29, 30 కావాలి. ఆర్‌సీలో ఫైనాన్సు నమోదు ఉంటే ముందు అది తీయించాలి. బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కూడా కట్టాలి. ఆ డబ్బు కూడా మీ లెక్కలో వేసుకోండి, మీ ఉత్తరంలో అది కనబడలేదు. ఇన్సూరెన్సు పాత పేరు మీదే ఉంటే అవతలివాళ్లకి జరిగే నష్టానికి కవరు ఉంటుంది గానీ, మీ సొంత బండికి దెబ్బ తగిలితే క్లెయిము దగ్గర ఇబ్బంది పడతారు. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు, మీ బండికి 2029 దాకా. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకి రెన్యువల్ చేసుకోవచ్చు. ఎంత ఖర్చు పెట్టాలో తేల్చుకునేటప్పుడు ఆ తేదీ మనసులో పెట్టుకోండి. ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీసు సెంటర్‌లో పాత రికార్డు అడిగితే మీటరు మీది లక్షా 18 వేలు నిజమో కాదో కూడా తేలుతుంది.

బావమరిదిని దూరం పెట్టకండి. అట్టపెట్టె పరిచే పని, ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏం మార్చారో పుస్తకంలో రాసే పని, నెలనెలా తోటలో ఫోర్‌వీల్ నడిపే పని ఆ అబ్బాయికి అప్పగించండి. అక్కకి తమ్ముడు స్వయంగా "బ్రేకులు నేను దగ్గరుండి చేయించాను" అని చెబితే, మీరు పదిసార్లు చెప్పిన దానికంటే బలంగా ఉంటుంది. బ్రేకు పని అయ్యాక మొదట ఖాళీ మైదానంలో, తర్వాత మీరొక్కరే మొగిలి ఘాట్‌లో దిగి చూడండి. కింద ఆగి పెడల్ నొక్కండి. పైన ఎలా ఉందో కింద కూడా అలాగే ఉండాలి. ఇంటావిడను ఎప్పుడు ఎక్కమనాలన్నది ఆమెకే వదిలేయండి.

ఈ వారం అట్ట పరిచి, మరక ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో, ఏ వాసన వచ్చిందో రాసి పంపండి. కంప్రెషన్ అంకెలు వస్తే అవి కూడా పంపండి. రెండూ చూసి, నాజిల్స్‌కి డబ్బు పక్కన పెట్టాలో వద్దో చెబుతాను.